నడుం డాక్టరు ఒక్క పాయింటు గెలిచిన వైనము

భానుండు నడినెత్తి దిగి, భుక్తాయాసంబు కనురెప్పలపై దండెత్తు అపరాహ్ణవేళ. ముందువైపు వైద్యశాలయు, వెనుకవైపు సంసారమును గల ఒకానొక ఇంటి నడిమి గదియందు, వక్రకశేరుగర్వభంజనుండును, పట్టేసిన మెడల పాలిటి పెన్నిధియు, వీధివారిచే ‘నడుం డాక్టరు’ అని పిలువబడు ఫిజియోథెరపిస్టు, కంప్యూటరు నెదుట ప్లాస్టిక్ కుర్చీ యను సింహాసనంబు నధిష్ఠించెను. లైసెన్సు పునరుద్ధరణకు ఒక్క పాయింటు తక్కువ. గడువు నేటితో సరి. అది చిక్కకున్న రేపు వైద్యశాల తలుపు తెరువరాదు. ఆ పాయింటును ప్రసాదించు మూడుగంటల వెబినార్ నామధేయము ‘వెన్ను సంరక్షణ’.

అందలి నియమంబు కఠోరము. ఎప్పుడో తెలియని క్షణమున తెరపై ‘ఉన్నారా?’ అను ప్రశ్న మొలచును. అది మాయమగులోపల ‘ఉన్నాను’ అని నొక్కవలె. తప్పినచో పాయింటు హుళక్కి.

ఉపన్యాసకశిఖామణి తొలి గంటను ఆత్మస్తుతికిని, మలి గంటను “నా గొంతు వినిపిస్తోందా అండీ” అను పృచ్ఛకును ధారవోసెను. ఆపై చెప్పిన రెండు ముక్కలును మన వీరుడు కళాశాలలో తొలి యేటనే వల్లించినవి. ఆ ఊకదంపుడు అదనుగా నిద్ర విరుచుకుపడెను.

“ఓసీ నిద్రా! పసిబిడ్డ ఏడ్చిన రాత్రులలో కాళ్లావేళ్లా పడినను కన్నెత్తి చూడని నీవు, నేడు పిలువని పేరంటమునకు విచ్చేసితివా? ప్రాణములైనను విడుతునుగాని పాయింటును విడువను, తొలగిపొమ్ము!” అని మనంబున గర్జించి, మహావీరుడు ఆవులించెను.

అంతలో పక్కగదినుండి, ఉదయమే నడుము పట్టేసిన అత్తగారి పిలుపు వినవచ్చెను.

“బాబూ, లేవలేకపోతున్నాను. ఒక్కసారి వచ్చి చూడవూ?”

“అయిపోవచ్చిందత్తయ్యా. నడుం గురించే చెప్తున్నారు.”

“నా నడుం గురించి కాదు కదా.”

వీరునికి సిగ్గువేసెను. అయినను కదలడాయెను.

కదలని ఆ కాయంబు కునుకుపాటున ముందుకు వంగగా కళ్లజోడు జారి నేలబడెను. దానికై వంగినంతనే, కొయ్యబారిన నడుము కలుక్కుమని, వైద్యవరేణ్యుడు కూలిన కోటవలె చతికిలబడెను. సరిగ్గా అప్పుడే తెరపై కడపటి ‘ఉన్నారా?’ మొలచెను.

చప్పుడు విని అత్తగారు గోడ పట్టుకొని, అడుగులో అడుగు వేయుచు వచ్చెను.

“అత్తయ్యా, ముందు ఆ ‘ఉన్నాను’ నొక్కండి.”

“ఎక్కడున్నావు నువ్వు? కింద పడున్నావుగా.”

“నొక్కండత్తయ్యా, మీకు పుణ్యముంటుంది.”

ఆమె నొక్కెను. తక్షణమే ‘ఆద్యంతమూ ఏకాగ్రతతో పాల్గొన్న’ వీరునికి ప్రశంసాపత్రంబు వెలసెను.

“ఇంతకీ ఏం చెప్పారు బాబూ?”

“ఎక్కువసేపు కూర్చోకూడదట. మధ్యమధ్యలో లేచి నడవాలట.”

“నిజమే. ఈ నాలుగడుగులకే నాది కాస్త సడలింది,” అని ఆమె తెరవైపు చూసెను. “ఇదేదో ‘ఉపయోగపడిందా’ అని అడుగుతోంది. అవునని నొక్కేస్తున్నా.”

ఇట్లు నేలను వీడకయే నడుం డాక్టరు ఒక్క పాయింటును జయించెను. దిక్కులు వినుగాక, రేపు వైద్యశాల తప్పక తెరువబడును. తొలి రోగి లోపలనే ఉన్నాడు.