ఏడు పడని ఆదివారం

పెళ్లయి సరిగ్గా రెండు రోజులు. ఆ ఉదయం గ్రెటా వేసుకున్న పథకంలో జూదమన్నదే లేదు. పాన్‌కేకులు తినాలి, డ్వేన్ మీసానికి అంటిన తేనెపాకం తుడవాలి, పది గంటలకు అతని నానమ్మ ఇమోజీన్ రాగానే ముగ్గురూ చర్చికి వెళ్లాలి. అంతే. గ్రెటా వేలికున్న ఉంగరం ఆ నానమ్మదే. కాస్త వదులు. "పోగొట్టావో, మా నానమ్మ నన్ను పాతిపెడుతుంది" అని డ్వేన్ ముందే చెప్పాడు. పేకముక్క కనబడితే చాలు, ప్రార్థన మొదలెట్టే మనిషట ఆవిడ.

జూదాల ఊరు రీనోలో, హోటల్లో ఫలహారానికి పోవాలన్నా జూదశాల మధ్యనుంచే పోవాలి. డ్వేన్ కాఫీ తేవడానికి వెళ్లాడు. గ్రెటా పాచికల బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగింది.

"ఎప్పుడైనా విసిరావా తల్లీ?" అన్నాడు ఒక టోపీ పెద్దాయన.

"లేదండీ."

"కొత్త చెయ్యి! పాచికలు ఇటివ్వండి!"

గ్రెటా విసిరింది. పాచికలతోపాటు ఉంగరమూ ఎగిరి బల్ల అవతలి మూలన పడింది. తీసుకుందామని చెయ్యి చాపితే బల్లంతా గొల్లుమంది. "ముట్టుకోకు! అది పడ్డాకే మన అదృష్టం తిరిగింది!"

"నీ వంతు అయ్యాక ఇస్తాలేమ్మా" అంది బల్ల నడిపే అమ్మాయి.

వంతు అయిపోవాలంటే ఏడు పడాలి; పడితే ఆమెమీద పందెం కాసినవాళ్లందరి డబ్బూ పోతుంది. గ్రెటాకు ఏడు తప్ప అన్నీ పడుతున్నాయి. జనం మూగారు. ఒకావిడ గ్రెటా భుజం నిమిరి, ఆ చెయ్యి తన పర్సుకు రాసుకుంది.

కాఫీలతో డ్వేన్ వచ్చాడు. "ఉంగరమేది?"

"అదిగో. నేను ఓడిపోతేగాని ఇవ్వరట."

"అయితే ఓడిపో బంగారం! పదవుతోంది!"

"ఓడిపోవడం చేతకావట్లేదు డ్వేన్!"

పాచికల బల్ల దగ్గర ఏడు అన్న మాట నోట పలకకూడదు. పలికితే పడి తీరుతుందని నమ్మకం. డ్వేన్ గొంతు చించుకున్నాడు. "ఏడు! ఏడు! ఏడు!"

శవం లేచిన ఇంట్లోలా నిశ్శబ్దం. పెద్దాయన టోపీ తీశాడు. "ఎవరితను?"

"మా ఆయన."

"పెళ్లయి ఎన్నాళ్లయింది?"

"రెండు రోజులు."

"మించిపోయిందేం లేదు తల్లీ, ఆలోచించుకో."

గ్రెటా విసిరింది. పది! మరుక్షణం డ్వేన్ జనం భుజాలమీద ఉన్నాడు. "మళ్లీ అను బాబూ, మళ్లీ అను!"

"డ్వేన్."

తెల్ల చేతితొడుగులు, చంకలో బైబిలు. నానమ్మ చూపు తిన్నగా ఉంగరంమీదకే పోయింది. గ్రెటా ఉత్త వేలిని వెనక్కి దాచుకుంది. "వదులుగా ఉందండీ... దానంతటదే జారింది."

బల్ల నడిపే అమ్మాయి నానమ్మను చూసి నవ్వింది. "ఈ ఆదివారం ఆలస్యమైందేం ఇమోజీన్ గారూ?"

నానమ్మ తాపీగా తొడుగులు విప్పి, గ్రెటా మణికట్టు పట్టుకుని కాస్త పక్కకు తిప్పింది. "ఇప్పుడు విసురు."

ఏడు పడింది. బల్లంతా శోకాలు పెడుతుంటే నానమ్మ ఉంగరం తీసుకుని, ఊది, గ్రెటా వేలికి తొడిగింది.

"వదులుగా ఉంది, జారిందని నేనంటే వీడి తాత కూడా మూడుసార్లూ నమ్మాడు" అంది.