పచ్చ మీద పచ్చ

ఆ రోజు పొద్దున్న డేగకన్ను మేస్త్రీ పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోపు ఆపరేషన్ థియేటర్ గోడలకి రంగు కలిపి పంపడం, సాయంత్రంలోపు ఓనరు చేత కొత్త మెషీన్‌ని మళ్ళీ అట్టపెట్టెలోకి ఎక్కించడం. రంగుల దుకాణంలో పాతికేళ్ళుగా ఏ రంగునైనా కంటిచూపుతోనే కలిపిన మనిషి అతను. బటన్ నొక్కితే రంగు కలిపే మెషీన్ కొన్నానని ఓనరు మురిసిపోతుంటే మేస్త్రీ మొహం రంగు మారింది.

"ఈ ఒక్క ఆర్డరూ నువ్వు కలుపు. తేడా వచ్చిందో, రేపట్నుంచి నీ స్టూలు మెషీన్‌ది," అన్నాడు ఓనరు.

అంతలో ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోను. "థియేటర్ గోడలు పచ్చగా ఉండాలి మేస్త్రీ గారూ. రేపు పొద్దున్నే ఆపరేషనుంది," అని టక్కున పెట్టేసింది.

"రంగు నంబరు అడగాల్సింది కదయ్యా!" అన్నాడు ఓనరు.

"మీరు కళ్ళని నమ్మరు కాబట్టే మీకు నంబరు కావాలండీ. నాకు పచ్చంటే చాలు!"

ఆసుపత్రి గోడలు కళకళలాడాలనుకున్నాడేమో, మేస్త్రీ నిగనిగలాడే పసుపుపచ్చ ఎనిమిది డబ్బాలు కలిపి, గోడలకి రంగులేసే తన బావమరిది చేతికిచ్చి పంపాడు.

బావమరిది ఒక గోడ పూర్తిచేసేసరికి డాక్టరమ్మ తొంగిచూసింది. "ఏమయ్యా, పచ్చ వెయ్యమన్నాను కదా?"

"పచ్చేనండీ."

"ఎక్కడుంది పచ్చ?" అంటూనే ఎవరో పిలిస్తే పరిగెత్తింది.

బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పచ్చదనం చాల్లేదంటున్నారు."

"ఇంకో కోటింగ్ కొట్టరా!"

కొట్టాడు. డాక్టరమ్మ మళ్ళీ వచ్చి "పచ్చయ్యా బాబూ, పచ్చ!" అని మొత్తుకుంది. ఎందుకైనా మంచిదని వాడు నాలుగు గోడలకీ మూడేసి కోటింగులు పట్టించి, తలుపులు కూడా వదల్లేదు. మూడోసారి వచ్చినప్పుడు ఆమె కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గదిలో నిలబడితే కోడిగుడ్డు సొనలో నిలబడ్డట్టుంది.

మేస్త్రీకి పిలుపొచ్చింది. "మీకసలు రంగులు కనబడతాయా?" అని అడిగి, డాక్టరమ్మ కంటి విభాగం నుంచి రంగుల అట్టలు తెప్పించింది.

"ఇది?"

"ఎరుపు."

"ఇది?" ఆకు రంగు అట్ట.

"పచ్చ."

"ఇది?" నిమ్మపండు రంగు అట్ట.

"పచ్చ."

"రెండూ ఒకటేనా?"

"ఛ, పోలికే లేదండీ! అది వేరు, ఇది వేరు."

"మరి వాటి పేర్లు?"

"పచ్చ, పచ్చ."

డాక్టరమ్మ కాగితం మీద 'రంగులు తెలియవు' అని రాసి, ఓనరుకి ఫోన్ చేసింది. పాతికేళ్ళుగా రెప్పవాల్చని డేగకన్ను, కాగితం ముక్క దెబ్బకి కన్నుమూసింది.

ఓనరు మెషీన్ కలిపిన ఎనిమిది డబ్బాలతో ఊపుగా దిగాడు. గర్వంగా మూత తీశాడు. లోపల చక్కటి పసుపు!

"పచ్చ అనే నొక్కానమ్మా!"

"బావా, మెషీన్ కూడా మన బంధువే!" అన్నాడు బావమరిది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "పచ్చ ఎందుకడిగానో మీకు అర్థమవుతోందా? గంటలకొద్దీ రక్తం చూస్తే కంట్లో ఎరుపుని పట్టే భాగం అలిసిపోతుంది. మేస్త్రీ గారూ, ఆ ఎర్ర మూతని రెప్ప వెయ్యకుండా చూడండి. చూశారా? ఇప్పుడు పైకి, తెల్ల సీలింగు వైపు."

మేస్త్రీ చూశాడు. ఏమీలేని సీలింగు మీద గుండ్రటి మచ్చ ఒకటి తేలుతోంది.

"ఆకు... ఆకుపచ్చ!" అని గావుకేక పెట్టాడు. "అమ్మా, మీ పచ్చలోంచి ఆ 'ఆకు' ఎక్కడ రాలిపోయిందమ్మా?"

"తెల్ల గోడైతే ఆ మచ్చలు నా కళ్ళముందు ఆడుతూనే ఉంటాయి. గోడే ఆ రంగులో ఉంటే మచ్చ అందులో కలిసిపో..." డాక్టరమ్మ ఆగిపోయింది. పసుపు గోడల వైపు చూసింది, రాసిన కాగితం వైపు చూసింది, చింపేసింది. "సాయంత్రంలోగా అవుతుందా?"

"మీ ఆకుపచ్చ ఆపరేషన్ గౌను ఒకటి తెప్పించండి," అన్నాడు మేస్త్రీ చొక్కా చేతులు పైకి మడుస్తూ.

ఓనరు తెచ్చిన పసుపులోనే నీలం పోశాడు, చిటికెడు నలుపు వేశాడు. కళ్ళు అలుస్తాయని తెలిసింది కాబట్టి మధ్యమధ్య మూసి తెరుస్తూ, గౌనునీ డబ్బానీ మార్చి మార్చి చూశాడు. చివరికి కాగితం ముక్కకి రంగు పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, గౌను మీద పెట్టాడు.

"కాగితం ఏదయ్యా?" అన్నాడు ఓనరు.

"మీ కళ్ళముందే ఉందండీ."

ఓనరు వేలితో తడిమితేగానీ దొరకలేదు. "స్టూలు నీదేనయ్యా," అన్నాడు మెల్లిగా. "ఇవాళ నీ కన్ను నా కళ్ళు తెరిపించింది." మేస్త్రీ ఛాతీ చొక్కా పట్టనంత పొంగింది.

సాయంత్రానికి గదంతా ఆకుపచ్చ. డాక్టరమ్మ ముచ్చటపడి ఆ గౌనే తొడుక్కుని, హాయిగా గోడకి ఆనుకుంది.

"తడి, తడి!" అని బావమరిది అరిచేలోపే వీపంతా గోడకి అంటుకుంది. నలుగురూ గౌను మీద రంగు ఎక్కడంటిందా అని వెతికారు.

లాండ్రీవాళ్ళు ఇంకా వెతుకుతున్నారు.