బోర్డుకి తెలియకుండా పీకిన పన్ను

ఆ రోజు పొద్దున సెక్రటరీగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి వెళ్తూ దారిలో డెంటిస్టు దగ్గర ఆగాలి, నెల రోజులుగా ప్రాణం తోడేస్తున్న దవడ పన్ను పీకించుకోవాలి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో కూర్చోవాలి. భార్యకు మాత్రం చెప్పలేదు. చెబితే "అప్పుడే వెళ్ళమన్నానా, విన్నారా?" అనే ఉపన్యాసం పన్ను నొప్పికి తోడవుతుంది. టిఫిన్ ముట్టుకోకుండా, అద్దం ముందు నిలబడి ఓసారి నోరు తెరిచి చూసుకుని, నిట్టూర్చి బయలుదేరారు.

ఆయన ఉద్యోగం గురించి కాస్త చెప్పుకోవాలి. ఫ్యాన్లు తయారుచేసే ఒక కంపెనీకి ఆయన సెక్రటరీ. ఆ కంపెనీ షేర్లు మార్కెట్లో ఉన్నాయి. లాభమో నష్టమో జనానికి చెప్పేదాకా, ఆ రహస్యం తెలిసిన లోపలివాళ్ళు గానీ వాళ్ళ ఇంట్లోవాళ్ళు గానీ ఆ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. ఈ నియమానికి కాపలా మన సెక్రటరీగారే. ప్రతిసారీ లోపలివాళ్ళందరి ఇళ్ళకీ ఒక సర్క్యులర్ పంపేవారు. ఎవరైనా పొరపాటున కొన్నా అమ్మినా వెంటనే ఫోన్ చేయమని, అడుగున తన సెల్ నంబరు ఇచ్చేవారు. ఇన్నేళ్ళలో ఒక్కరూ చేసిన పాపాన పోలేదు, అయినా ఆయన పంపడం మానలేదు.

ఆఫీసులో ఆయనకు తాళంకప్ప అని పేరు. "ఈసారి ఎలా ఉందండీ?" అని ఎవరడిగినా ఒక చిరునవ్వు నవ్వి "చెప్పకూడదండీ" అనేవారు. లాభమొచ్చినా అదే నవ్వు, నష్టమొచ్చినా అదే నవ్వు. ఆ నవ్వు చూసి ఎవరూ ఏమీ పసిగట్టలేకపోయారు, ఆ రోజు వరకూ.

పన్ను పీకించుకుని బయటికి రాగానే, పక్కనున్న బ్యాంకు వరండాలో తమ ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు కనిపించాడు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులో సగం ఈ ఫ్యాన్ల కంపెనీలోనే పెట్టిన మనిషి.

"ఫలితాలు ఎల్లుండేగా! ఎలా ఉన్నాయేంటి?" అన్నాడు.

సెక్రటరీగారు అలవాటు ప్రకారం నవ్వబోయారు. మత్తు సూదికి సగం మొహం మొద్దుబారిపోయింది, పెదవి కదల్లేదు. నోటి నిండా దూది. ఎడమ కన్ను మాత్రం దానంతటది కారుతోంది. మాట్లాడలేనని చెప్పడానికి చెంప మీద చెయ్యి వేసుకుని తల అడ్డంగా ఊపారు.

పోస్ట్‌మాస్టరు మొహం పాలిపోయింది. ఆయన చేతులు రెండూ పట్టుకుని, "అర్థమైందండీ. ఇంకేం చెప్పకండి. మీరు ధైర్యంగా ఉండండి," అన్నాడు. అదే వరండాలోంచి బ్రోకరుకి ఫోన్ చేసి తన షేర్లన్నీ అమ్మేయమన్నాడు. తర్వాత, మంచివాడు కాబట్టి, తనతో పాటు పార్కులో నడిచేవాళ్ళ గ్రూపులో ఒక మెసేజి పెట్టాడు: సెక్రటరీగారు కంటతడి పెట్టుకున్నారు.

ఆ మెసేజి రెండో గ్రూపుకి చేరేసరికి ఆయన వెక్కివెక్కి ఏడ్చారని అయింది. గ్రూపులో ఒకాయన నిజం తేల్చుకుందామని సెక్రటరీగారి భార్యకు ఫోన్ చేశాడు. "అయ్యో, పొద్దున ఏమీ తినలేదండీ. అద్దం ముందు నిలబడి ఒకటే నిట్టూర్పు. ఏమైందండీ?" అని ఆవిడ భోరుమంది. దాంతో అది నిర్ధారణ అయిన వార్త అయిపోయింది. సెక్రటరీగారు మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని ఆఫీసు చేరేలోపు షేరు ధర కొండ మీంచి దొర్లినట్టు దొర్లింది.

స్టాక్ ఎక్స్చేంజి నుంచి ఉత్తరం వచ్చింది. మీ షేరు ఎందుకు పడుతోంది, మా దగ్గర ఏమైనా దాచారా, వెంటనే జవాబివ్వండి అని. అలాంటి ఉత్తరాలకు జవాబివ్వాల్సింది సెక్రటరీగారే. నిజానికి ఆ ఏడు కంపెనీకి ఎన్నడూ లేనంత లాభం. ఎందుకు పడుతోందో ఆయనకు ఒక్క ముక్క అంతుపట్టలేదు.

ఛైర్మన్‌గారికి అర్థమైంది. అలాగని ఆయనే అన్నారు. మధ్యాహ్నానికల్లా, కంపెనీ యజమానులతో ఏ సంబంధమూ ఉండకూడని స్వతంత్ర డైరెక్టర్లు ముగ్గురినీ పిలిపించి విచారణ కమిటీ వేశారు. వీళ్ళలో ఒకరు ఛైర్మన్‌గారి చిన్ననాటి స్నేహితుడు, ఒకరు వాళ్ళ ఇంటి డాక్టరు, మూడోవారు సాక్షాత్తూ వియ్యంకుడు. చట్టంలో రాసిన బంధువుల జాబితాలో వియ్యంకుడు లేడు కాబట్టి ఆయన పూర్తిగా స్వతంత్రుడు.

"ఏమయ్యా, కంపెనీ గుట్టు ఎంతకి అమ్ముకున్నావు?" అన్నారు ఛైర్మన్‌గారు.

సెక్రటరీగారు నోరు తెరిచి దూది చూపించారు. డాక్టరు డైరెక్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాటకాలొద్దు. నా కంపెనీలో ఇలాంటివి సహించను. నా ఇంట్లోవాళ్ళయినా సరే, వదిలిపెట్టను. ఇదిగో రాజీనామా, సంతకం పెట్టు. నీ సెక్రటరీ లైసెన్సు సంగతి ఆ తర్వాత చూస్తాను."

సెక్రటరీగారికి కడుపు మండిపోయింది. ఇరవయ్యేళ్ళుగా సొంత భార్యకు కూడా ఒక్క అంకె చెప్పని మనిషి. ఈ కంపెనీ షేరు ఒక్కటైనా కొనని మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని, సంతకాలు పెట్టడం తప్ప ఏనాడూ ఒక్క ప్రశ్న కూడా వేయని ఈ ముగ్గురి ముందు నిలబెట్టి దొంగ అంటున్నారు. ఎదురు చెబుదామంటే నోరు లేదు. లైసెన్సు పోతే ఈ వయసులో ఎవరు పని ఇస్తారు? పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"స్పీకర్లో పెట్టు," అన్నారు ఛైర్మన్‌గారు. "రహస్యాలు ఎవరికి చేరవేస్తున్నావో మేమూ వింటాం."

పెట్టారు.

"సెక్రటరీగారేనా? నేను మీ ఛైర్మన్‌గారి అత్తగారిని, వాళ్ళింట్లోనే ఉంటాను," అంది ఫోన్లో గొంతు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయిన గొంతు అది, ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. "మీ సర్క్యులర్ చదివాను. కొంటే వెంటనే చెప్పమన్నారు. ఇవాళ ధర పడిందట, అల్లుడుగారు నా పేరు మీద బోలెడు షేర్లు కొన్నారు. నా ఫోనుకి మెసేజి వచ్చింది. నాకు ఈ వ్యవహారాలు తెలియవు గానీ, నియమం నియమమే కదండీ."

డైరెక్టర్లు ముగ్గురూ ఛైర్మన్‌గారి వైపు తిరిగారు.

"అత్తయ్యగారికి ఈ మధ్య మతిమరుపు," అన్నారు ఛైర్మన్‌గారు నెమ్మదిగా.

"వినిపిస్తోంది అల్లుడుగారూ. మీరూ అక్కడే ఉన్నారా? మంచిదే. ఈ సంగతి రాసిచ్చే కాగితం మీద ఎవరి సంతకం కావాలో కనుక్కోండి," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. "ఇది ఇంటి విషయం బావగారూ. మనమెవరమూ విననట్టే." మిగతా ఇద్దరూ అప్పుడే విననట్టు కూర్చున్నారు.

సెక్రటరీగారు నోట్లోంచి దూది తీసి రాజీనామా కాగితం మీద పెట్టారు. వంకరపోయిన మూతితోనే, "రిపోర్టు చేయాలండీ. నియమం," అన్నారు. పన్ను పీకించుకున్నాక ఆయన మాట్లాడిన మొదటి మాట అది. సాయంత్రం ఇంటికి బయలుదేరేలోపే మార్కెట్ నియంత్రణ సంస్థకు మెయిల్ వెళ్ళిపోయింది.

ఫలితాలు వచ్చాయి, షేరు ఎగిరింది. చవగ్గా అమ్ముకున్న పోస్ట్‌మాస్టరు వారం పాటు వీధిలోకి రాలేదు. ఛైర్మన్‌గారు మాత్రం తప్పు చేశానని ఒప్పుకోకుండా, చేయలేదని అనకుండా, కొంత సొమ్ము కట్టి కేసు పరిష్కరించుకున్నారు. అలాంటి సౌకర్యం ఒకటి ఉంది, పోస్ట్‌మాస్టర్లకు లేదు. ఇప్పుడు సెక్రటరీని తీసేస్తే కక్ష కట్టారంటారని లాయరు హెచ్చరించడంతో ఆయన ఉద్యోగం నిలబడింది.

విచారణ కమిటీ కూడా ఊరుకోలేదు. ఈ అనర్థానికంతటికీ మూలకారణం సెక్రటరీ మొహమేనని తేల్చి, ఏకగ్రీవంగా కొత్త నిబంధన తెచ్చింది. దాన్ని సెక్రటరీగారే టైపు చేసి, సంతకం పెట్టి, ఇంటికి తెచ్చి భార్యకు చూపించారు.

ఆవిడ రెండుసార్లు చదివింది. "అంటే షేర్లు కొన్నాయన కుర్చీ కదల్లేదు, మీరు మాత్రం బోర్డు అనుమతి లేకుండా పన్ను పీకించుకోకూడదా? వాళ్ళకి సిగ్గు లేకపోతే మీకు నోరు లేదా?"

నోరు ఉంది గానీ, అందులో మిగిలిన పళ్ళన్నీ ప్రస్తుతం బోర్డు అధీనంలో ఉన్నాయి.