సున్నా మరణాల సన్మానపత్రం

మా ఊరి ఆసుపత్రిలో రెండేళ్లుగా ఒక్క గర్భిణిగానీ, ఒక్క బాలింతగానీ చనిపోలేదని మంత్రిగారు ప్రకటించారు. సూపరింటెండెంట్ డాక్టర్ రామకాంత్‌కు సన్మానం ఖాయమైంది. సన్మానపత్రం రాసే భాగ్యం తెలుగు మాస్టారినైన నాకు దక్కింది.

రామకాంత్ నా శిష్యుడే. డిక్టేషన్‌లో సున్నలు ఎగరగొట్టేవాడు. ఇప్పుడు సున్నా విలువ నాకన్నా అతనికే బాగా తెలుసు.

"'మాతృమరణాలు సున్నా' అని పెద్దక్షరాలతో రాయండి మాస్టారూ."

"మా అమ్మాయి ఫెబా పోయి నాలుగు నెలలే కదయ్యా. కాన్పయ్యాక గంటసేపు నెత్తురు పోతూ మీ వార్డులోనే ఉంది."

"ఉంది. పోలేదుగా! గుంటూరు పెద్దాసుపత్రికి రిఫర్ చేశాం."

"గుంటూరువాళ్లయినా రాసుకున్నారా?"

"వాళ్ల దాకా చేరందే ఎట్లా రాస్తారండీ? మార్టూరు దగ్గర గ్రానైట్ లారీల వెనక ఇరుక్కున్న అంబులెన్సులో పోయింది. అది రోడ్డువాళ్ల పరిధి."

నిజమే. ఆ లారీ వెనక రాతలో అక్షరదోషం నాకింకా గుర్తుంది. ఫెబా చివరిమాట గుర్తులేదు.

"ఒక్క పేరు రాయి నాయనా. ఎందుకు పోయిందో విచారిస్తారు. ఇంకో పిల్ల బతుకుతుంది."

"రాస్తే మంత్రిగారి మాట పోదూ?"

ప్రాణం పోయినా మాట పోకూడదని తొమ్మిదో తరగతిలో అతనికి పాఠం చెప్పింది నేనే.

వాడుక తెలుగులో నిజం రాసే ధైర్యంలేక సంస్కృత సమాసాల్లో రాశాను. "ఆసన్నమరణలగు ప్రసూతికలను సత్వరమే బహిర్ద్వారమునకు సాగనంపి, స్వప్రాంగణమును మృత్యురహితమొనర్చిన వైద్యశిఖామణీ!" అంటే, చావబోయేవాళ్లను గేటు బయటికి పంపేసిన మహానుభావా అని.

సభలో మంత్రిగారు రెండుసార్లు చదివించుకున్నారు.

"ఆహా! తెలుగంటే ఇదీ! కాన్పుల వార్డు గోడమీద రాయించండయ్యా!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

సోమవారం పెయింటర్ గౌస్ బాషా గోడమీద రాస్తుంటే, దీర్ఘాలు తప్పకుండా దగ్గరుండి చూస్తున్నాను. మిర్చి కోతలకెళ్లే కోటేశ్వరి, నిండు నెలలు, నడుం పట్టుకుని తల్లితో వచ్చింది. తల్లి గోడకేసి చూసింది.

"మాకు చదువు రాదు సారూ. ఏం రాశారండీ అంత పెద్దగా? లోపలికి రమ్మనేనా?"

"గుంటూరు వెళ్లమని రాశారమ్మా. ఇప్పుడే, ఓపిక ఉండగానే."

ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

కిటికీలోంచి విన్న రామకాంత్ పరుగున వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"మాస్టారూ, రిటైరయ్యాక రోజూ మీరిక్కడే కూర్చోగూడదూ?"