చెక్క పంకాకు చందనం

పది గంటలలోగా రెండు చెక్క పంకాల్లో మంచిదేదో తేల్చడం ఒక్కటే ఆ పూట రామతీర్థం ఊరి వడ్రంగి అప్పలసూరి పెట్టుకున్న పని. పొలాలకు పురుగుమందు చల్లే ముందు చూసిపోదామని వచ్చిన రెండు సీట్ల విమానం, ఊరిబయట బీడులో దిగుతూ ముక్కున ఉండే పంకా విరగ్గొట్టుకుంది. కలకత్తా నుంచి రైల్లో రెండు పాత పంకాలు వచ్చాయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. "మంచిది ఏరినవాళ్ళని పక్క సీట్లో కూర్చోబెట్టి తిప్పుతాను" అన్నాడు పైలటు జగన్నాధం. అప్పటినుంచి అప్పలసూరికి అన్నం సయించడం లేదు.

పంకా నడిమి కన్నంలో ఇనుప చువ్వ దూర్చి, దాన్ని రెండు పీటల మధ్య ఆనించాడు. ఎర్రది ఒక పక్కకు ఒరిగింది. నల్లది రెండు పక్కలా సమబరువుతో అడ్డంగా నిలిచి కదల్లేదు.

"సూసావేటే? నల్లదే మంచిది!" అని భార్య చిన్నతల్లికి చూపించి స్నానానికి వెళ్ళాడు.

ఆ ఇంట్లో కొత్త పనిముట్టు ఏదొచ్చినా బొట్టు పెట్టందే వాడరు. రంపానికీ బాడిసకీ పెట్టినట్టే చిన్నతల్లి రెండు పంకాలకూ సింహాచలం చందనం మందంగా పట్టించి కుంకుమ అద్దింది. రెండు కొసలలో తల ఏదో తెలియక, తూర్పునున్న కొసకే పెట్టింది.

పది గంటలకు అప్పలసూరి పైలటు ఎదుట నల్లదాన్ని చువ్వకెక్కించాడు. అది టక్కున ఒరిగింది. ఎర్రది అడ్డంగా నిలిచింది.

"ఏటిది? పీట వంకరైపోనాదేటి?"

పీటలు మార్చాడు. గాలి అనుకుని తలుపులు మూయించాడు. దిష్టి అనుకుని మిరపకాయలు తిప్పించాడు. ముగ్గురూ దగ్గారు గాని నల్లది నిలవలేదు. బొట్టు లేని పనిముట్టును అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు గనక ఆ చందనం అతని కంటికి ఆనలేదు. పైలటుకు కనబడింది గాని, దేవుడి సంగతి మనమెందుకు అడగాలని ఊరుకున్నాడు.

"పొద్దున్న నల్లదన్నావు గదా మావా. నానైతే నల్లదే అంతాను."

"సెక్క సంగతి నీకేటి తెలుసే? ఎర్రదే బాబూ!"

ఎర్ర పంకా ఎడ్లబండి మీద బీడుకు చేరింది. బిగించి తిప్పగానే చందనం పెళ్ళలుగా లేచి, పైలటు తెల్లచొక్కా మీదా, అప్పలసూరి నోట్లోనూ, చూడవచ్చిన జనం ముఖాల మీదా పడింది. కొందరు ప్రసాదమనుకుని కళ్ళకద్దుకున్నారు. మరుక్షణం విమానం పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. జగన్నాధం ఇంజను ఆపి కిందికి దూకాడు.

అప్పలసూరి నోట్లోది ఉమ్మి వాసన చూశాడు. "ఒసే! పంకాకి సెందనం ఎట్టావేటే?"

"ఎట్టకపోతే ఎలాగ? నువ్వు ఎగిరేది దాంతోనే గదా!"

ఎర్రదాని తేలిక కొసకు బరువు సరిపెట్టింది ఆ చందనమేనని అతనికి అప్పుడు తెలిసింది. నల్లదాన్ని తెప్పించి తడిగుడ్డతో తుడిచి చూస్తే బుద్ధిగా నిలిచింది. బిగిస్తే హాయిగా తిరిగింది. స్వామి కాపాడింది చందనం పెట్టినందుకో, అది రాలిపోయినందుకో అక్కడెవరూ తేల్చలేకపోయారు.

అప్పలసూరి తలపాగా బిగించి సీటు వైపు నడిచాడు.

"ఆగు బాబూ" అన్నాడు పైలటు. "ఏరినవాళ్ళకే సీటన్నాను. కడదాకా నల్లదన్నది మీ ఆవిడ."

చిన్నతల్లి నరసింహస్వామిని తలచుకుని, కొంగు నడుముకు దోపి ఎక్కేసింది. మెడ పట్టేసేదాకా అప్పలసూరి ఆకాశంకేసి చూశాడు. విమానం దిగగానే పరుగెత్తాడు.

"ఏటి కనబడ్డాదే?"

"మనిల్లు కనబడ్డాది మావా. కప్పు మీద నాలుగు పెంకులు జారిపోనాయి."

అంత ఎత్తు నుంచి కూడా ఆమెకు ముందు కనిపించింది మొగుడి బద్ధకమే.