లీడ్ బూస్ట్ ఉండగా లోటేమిటి?

దేవుడు మనిషికి రెండు కాళ్ళు ఎందుకిచ్చాడంటారు? నడవడానికి అంటారు మీరు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళే అలా అంటుంటే మిమ్మల్ని అని ఏం లాభం? ఒక కాలు నిలబడడానికి. రెండోది లీడ్ బూస్ట్ నొక్కడానికి!

లీడ్ బూస్ట్ అంటే ఏమిటో తెలియని అభాగ్యులు మీలో కొందరు ఉండవచ్చు. వాళ్ళకోసం చెబుతాను, తెలిసినవాళ్ళు ఈలోపు టీ తాగి రండి. ఎలక్ట్రిక్ గిటార్‌ను ఒట్టిగా మీటితే దోమ పాడినంత కూడా వినపడదు. దాన్ని యాంప్ అనే పెట్టెకు తగిలించాలి. అరిచేది పెట్టె, పేరొచ్చేది మనకు. ఆ పెట్టెకు ఒక తీగ, తీగ చివర నేల మీద చిన్న స్విచ్ ఉంటాయి. బ్యాండులో అందరూ కలిసి వాయిస్తుండగా మనం ముందుండి వాయించే సోలో వంతు రాగానే ఆ స్విచ్‌ను కాలితో నొక్కితే చాలు, మన గిటార్ వెళ్ళి మిగతా అందరి నెత్తి మీదా కూర్చుంటుంది. సోలో అయ్యాక మళ్ళీ నొక్కితే దిగుతుందట. కంపెనీవాళ్ళు అలా రాశారు. నేనైతే నొక్కి చూడలేదు.

ఈ విషయం మీద రాయడానికి నీకేం అర్హత ఉందయ్యా అంటారా? వారమంతా నేను బీమా ఆఫీసులో క్లెయిములు తిరస్కరిస్తాను. ఆదివారం లీడ్ గిటార్ వాయిస్తాను. అవతలివాళ్ళ గోడు మన చెవిన పడకుండా చూసుకోవడంలో నాకున్న అనుభవం సామాన్యమైనది కాదు.

మా బ్యాండులో నలుగురం. డ్రమ్ములు కొట్టేది ఒక పళ్ళ డాక్టరు. వారమంతా జనం చేత నోళ్ళు తెరిపిస్తాడు, ఆదివారం చెవులు మూయిస్తాడు. బేస్ గిటార్ మా బావమరిది. పాడేది మా ఆవిడ. పాటలు రాసేది నేనే. డాక్టరుగారి క్లినిక్ వెనక, పేషెంట్లు కూర్చునే పాత కుర్చీ ఒకటి పడేసిన గదిలో మా సాధన. ఆ కుర్చీలోనే నా పాత యాంప్‌ను కూర్చోబెట్టేవాళ్ళం. అది పది వాట్లది, నేర్చుకునే పిల్లలకు కొనిపెట్టే రకం. డాక్టరు డ్రమ్ము మీద ఒక్క దెబ్బ వేస్తే చాలు, అది ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

కనుక మధ్యస్థమైన యాంప్ ఒకటి కొనాలని తీర్మానించాను.

ఎందుకు మధ్యస్థం? పది వాట్లయితే మనం బతికున్నట్టు ఎవరికీ తెలియదు. వంద వాట్లయితే పక్కింటివాళ్ళు పోలీసులకు కూడా తెలియజేస్తారు. ముప్పై వాట్లుందే, దాని మర్యాదే వేరు! పక్కింటివాళ్ళు పళ్ళు నూరుకుంటారు తప్ప ఫిర్యాదు మాత్రం చేయరు. అలా నూరుకున్న పళ్ళు మా డాక్టరుగారి దగ్గరికే వస్తాయి. ఎదుటివాడి సహనం ఎక్కడ తెగుతుందో కనిపెట్టి, సరిగ్గా దానికి వెంట్రుకవాసి ఇవతల ఆగేవాడినే మన సమాజం పెద్దమనిషి అంటుంది. యాంపుల భాషలో దాన్నే మిడ్-పవర్ అంటారు!

షాపుకి బయల్దేరుతుంటే మా ఆవిడ కూడా వస్తానంది. చెప్పులేసుకుంటూ ఒక్క మాటే అంది.

“ఏవండీ, నేను పాడేది కూడా నలుగురికీ వినపడేలాంటిది చూడండి. లేకపోతే నేనక్కడ నిలబడడం దేనికి? ఇంట్లో ఉంటే కాస్త నడుమైనా వాలుస్తాను.”

“చూద్దాం” అన్నాను. ఈ మాట మా ఆఫీసులో మేం దరఖాస్తుదారులతో పొద్దస్తమానం అనేదే. దీనివల్ల ఇంతవరకు ఎవరికీ ఏ హానీ జరగలేదు, ఏ మేలూ జరగలేదు.

షాపులో అప్పటికే ఇద్దరు కుర్రాళ్ళు రెండు యాంపుల మీద రెండు శ్రుతుల్లో రెండు పాటలు వాయిస్తున్నారు. షాపాయన వాళ్ళిద్దరి మధ్యా నిలబడి మూడో ఆయనతో ఫోనులో మాట్లాడుతున్నాడు. ఎవరికీ ఏమీ వినపడటం లేదు, వ్యాపారం మాత్రం చక్కగా సాగిపోతోంది. చూడగానే నాకు ఆ చోటు నచ్చింది.

“ఇది తీసుకోండి సార్. ముప్పై వాట్లు, రెండు చానెళ్ళు. ఇది క్లీన్, ఇది ఓవర్‌డ్రైవ్” అన్నాడు షాపాయన.

ఓవర్‌డ్రైవ్ అంటే శుభ్రంగా ఉన్న శబ్దాన్ని గొంతు పట్టేసినట్టు గరగరలాడించడం. ఇదివరకు స్పీకరు చిరిగితే ఈ శబ్దం ఉచితంగానే వచ్చేది. అప్పటి జనం దాన్ని రిపేరుకు తీసుకెళ్ళేవాళ్ళు. ఎంత అమాయకులో చూడండి!

“మరి ఈ క్లీన్ చానెల్ ఎవరికండీ?” అని అడిగాను.

“ఎవరూ వాడరు సార్. అది లేకపోతే మాత్రం ఎవరూ కొనరు.”

అప్పుడు నొక్కాను లీడ్ బూస్ట్! షాపు అద్దాలు గిలగిలలాడాయి. వాయిస్తున్న ఆ కుర్రాళ్ళిద్దరూ చేతులాపి నావైపు చూశారు. నేను నోరు విప్పితే ఒక గదిలో మిగతావాళ్ళు మాట ఆపడం నా జన్మలో అదే మొదటిసారి. ఇంట్లో జరగలేదు, ఆఫీసులో జరగలేదు, చివరికి నా పెళ్ళిలో కూడా జరగలేదు. నిజం చెబుతున్నాను, కళ్ళు చెమర్చాయి.

“దీన్ని ఆపడం ఎలాగండీ?” అంది మా ఆవిడ షాపాయనతో.

“మళ్ళీ నొక్కడమేనమ్మా. ఎవరూ అడగరు గానీ.”

ఆవిడ కిందికి వంగి, స్విచ్ పట్టుకుని తీగ లాగి చూసింది. “ఇది ఎంత దూరం వస్తుంది?”

“స్టేజీ ముందుదాకా వస్తుందమ్మా. ఎందుకమ్మా?”

“ఊరికే అడిగానులెండి.”

నేనూ షాపాయనా ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం. వాట్లు అడగరు, స్పీకరు ఎన్ని అంగుళాలో అడగరు, తీగ పొడవు అడుగుతారు! సంగీత పరికరాల గురించి తెలియనివాళ్ళతో షాపుకు వెళితే ఇదే అవస్థ.

ఇక ఆ పెట్టె మా జీవితంలోకి తెచ్చిన సుఖాలు ఏమని చెప్పను? మొదటి ఆదివారమే సోలోకు ముందు బూస్ట్ నొక్కాను. సోలో అయ్యాక కాలు దానివైపు పోబోయింది, ఆపేశాను. ఎక్కినవాడు దిగడమేమిటి? దిగడానికేనా ఇంత కష్టపడి కొన్నది? తప్పు వాయిస్తే నలుగురిలో ఎవరు వాయించారో తెలియనంత మోత. మా వంటింటి కుళాయి చాలాకాలంగా చుక్కచుక్కగా కారుతూ ప్రాణం తీసేది. సాధన అయ్యాక చెవుల్లో హోరు వారం పొడుగునా ఉంటుంది కదా, ఆ టప్ టప్ నాకు వినపడటం మానేసింది. ప్లంబరు చేయలేని పని నా యాంప్ చేసింది!

“బావా, నేను వాయించేది నాకే వినపడట్లేదు” అన్నాడు బావమరిది.

“నువ్వూ కొనుక్కోరా, ఎవరొద్దన్నారు?” అన్నాను.

కొనుక్కున్నాడు, నాకన్నా పెద్దది. డాక్టరు దుడ్డుకర్రల్లాంటి కొత్త స్టిక్కులు తెచ్చాడు. నేను వాల్యూమ్ ఇంకాస్త తిప్పాను. ఇక్కడే మీరు గమనించాల్సింది ఉంది. ఒక్కడే అరిస్తే మిగతావాళ్ళకు అసూయ. అందరూ కలిసి అరిస్తే ఎవడి మాటా ఎవడికీ వినపడదు, అసూయకు చోటే లేదు! ఎందరో మహానుభావులు ఉపన్యాసాలిచ్చి సాధించలేని సమానత్వం, మేము ఒక పళ్ళ డాక్టరు వెనక గదిలో సాధించాం.

లోకం కూడా ఈ దారినే పడిందని గమనించే ఉంటారు. మా ఆఫీసులో పెద్ద మేనేజరుగారు ప్రమోషన్ వచ్చిన రోజున తన బూస్ట్ నొక్కారు, ఇంతవరకు దిగలేదు. మీటింగులో ఆయనకన్నా గట్టిగా దగ్గితేగాని మనం ఉన్నట్టే ఆయనకు తెలియదు. మా పెదనాన్న మోకాలి ఆపరేషన్ చేయించుకున్నారు. మోకాలు తగ్గి చాలాకాలమైంది, ఆపరేషన్ సోలో ఇంకా నడుస్తోంది. బస్సులో నా పక్కన కూర్చునే ఆయన తన ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు. వాళ్ళ వియ్యపురాలి షుగర్ ఎంతుందో నాకు తెలుసు. నా షుగర్ ఎంతో నాకు తెలియదు.

ఇంత సుఖంగా ఉన్న రోజుల్లో మా వీధి గ్రంథాలయం వార్షికోత్సవం వచ్చింది. గ్రంథాలయంవాళ్ళు మమ్మల్నే పిలిచారు. ఏడాది పొడుగునా నిశ్శబ్దం పాటించేవాళ్ళకు మార్పు అవసరమే కదా!

కొండ మీద వెన్నెల గురించి నేను రాసిన పాట ఎత్తుకున్నాం. పల్లవి దాకా బూస్ట్ జోలికి పోలేదు. పల్లవి తర్వాత నొక్కాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను. పాట అయిపోయింది. చప్పట్లు. నలుగురం కలిసి వంగి నమస్కారం చేద్దామని చూస్తే, మైకు దగ్గర ఎవరూ లేరు!

మా ఆవిడ మూడో వరుసలో, లైబ్రేరియన్‌గారి పక్కన కూర్చుని బిస్కెట్ తింటోంది.

“ఎప్పుడు దిగావు?” అన్నాను వెళ్ళి.

“రెండో చరణంలో.”

“చెప్పాలి కదా!”

“చెప్పానండీ. మైకులోనే చెప్పాను, నేను వెళ్తున్నాను అని. ముగ్గురిలో ఒక్కరూ తలెత్తలేదు.”

“నాకు వినపడలేదు.”

“అదేం కొత్తా? ఎప్పటినుంచో రెండో చరణంలో మీ వెన్నెల పాడటమే మానేశాను. వంటింటి కుళాయి కారుతోంది, ప్లంబర్ని పిలవండి అని పాడుతున్నాను. ప్రతి ఆదివారం, అదే రాగంలో. విన్నారా?”

లైబ్రేరియన్‌గారు సర్దిచెప్పబోయి, “పాట చాలా బాగుందండీ, ఏ భాషలోది?” అన్నారు.

దీన్ని కూడా నేను లాభంగానే లెక్కవేశాను. గాయని లేకుండా పాట పూర్తిచేయగల బ్యాండు ఎంత పటిష్ఠమైనదై ఉండాలి! ఆవిడకు నడుము వాల్చుకునే వీలూ చిక్కింది. ఎవరికి నష్టం?

అయితే చిన్న ఇబ్బంది వచ్చిపడింది. మా ఆవిడకు పని చేసుకుంటూ కూనిరాగం తీసే అలవాటు. బట్టలు మడతపెడుతూ, టీ కాస్తూ, తాళంచెవులు వెతుక్కుంటూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. వార్షికోత్సవం మర్నాటి నుంచి అది ఆగిపోయింది. ఇంట్లో మిక్సీ తప్ప ఏదీ నోరెత్తడం లేదు. కుళాయి చప్పుడు మళ్ళీ వినపడసాగింది. ఇలాంటి వ్యాసాలు రాసేవాడికి బాధ కలగకూడదు. కానీ కలిగింది. చాలా కలిగింది.

“అక్క రాకపోతే నేనూ రాను బావా” అన్నాడు బావమరిది.

“ఆవిడ లేకుండా మనం ముగ్గురం వాయిస్తే దాన్ని బ్యాండు అనరు, మరమ్మతు పని అంటారు” అన్నాడు డాక్టరు.

గత్యంతరం లేక ఆవిడ దగ్గరికే వెళ్ళాను. బతిమాలానని అనుకునేరు, చర్చలు జరిపాను. ఆవిడ టీ వడపోస్తూ అంతా విని, “వస్తాను. ఆ స్విచ్ మాత్రం నా దగ్గర ఉంటుంది” అంది.

“అది గిటారిస్టు కాలి దగ్గర ఉండేదే!”

“తీగ అక్కడిదాకా వస్తుందని షాపాయన చెప్పాడుగా.”

ఇప్పుడు ఏర్పాటు ఇలా ఉంది. గిటార్ నా చేతిలో. యాంప్ నా వెనక. స్విచ్ మైకు కింద, ఆవిడ చెప్పు పక్కన. మొదటి ఆదివారం నా సోలో వచ్చింది. ఆవిడ వైపు చూశాను. దగ్గాను. కనుబొమలెగరేశాను. ఆవిడ గోడ మీద చిగుళ్ళ వ్యాధుల పటం చూస్తూ నిలబడింది. నేను కిందే ఉండిపోయేసరికి బావమరిదీ తగ్గించాడు, డాక్టరూ చెయ్యి తేలిక చేశాడు. రెండో చరణం మొదలైంది. వంటింటి కుళాయి, పొద్దుటి నుంచి కారే నీళ్ళు, ప్లంబర్ని పిలవని మొగుడు... ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినపడింది. ఇన్నాళ్ళూ ఇంత మంచి గొంతు పక్కన నిలబడ్డానా అనిపించింది. వెన్నెలకన్నా కుళాయే బాగుందని బావమరిది అన్నాడు. వాడికి సాహిత్యం తెలియదు.

మర్నాడే ప్లంబర్ని పిలిచాను.

ఆ వచ్చిన ఆదివారం నా సోలోకు ఆవిడ స్విచ్ నొక్కింది! ఎక్కాను. నాలుగు ముక్కలు వాయించానో లేదో, అసలు ముక్క అందుకునేలోపే దించేసింది. బెడ్‌రూం ఫ్యాను కూడా శబ్దం చేస్తోందట, అది మూడో చరణంలో తెలిసింది. ఇంట్లో కూనిరాగం మళ్ళీ మొదలైంది. సంతోషమే, కాదనను.

కానీ మొదట్లో కాళ్ళ గురించి నేను చెప్పిన సిద్ధాంతాన్ని కాస్త సవరించుకోవాల్సి వస్తోంది. ప్రస్తుతానికి నేను రెండు కాళ్ళ మీదా నిలబడుతున్నాను.

యాంప్ కొనబోతున్న సోదరులకు ఒక్క మాట. షాపులో అందరూ వాట్లు అడుగుతారు, ఓవర్‌డ్రైవ్ వాయించి చూస్తారు. అవన్నీ తర్వాత. ముందు స్విచ్ తీగ ఎంత పొడవుందో అడగండి. మీ కాలు దాటి వస్తే కొనకండి.