అందరికీ పనున్నది

సిద్దిపేట జిల్లాలో నిరుద్యోగం చరిత్రాత్మకంగా దిగిపోయిందని కొలువుల కల్పన శాఖ మంత్రి గజేందర్ గారు ప్రకటించిన సంగతి పాఠకులు పేపర్లో చదివే ఉంటారు. నేను మీకంటే ఒకరోజు ముందే చదివాను. పాత బస్టాండు దగ్గరున్న నాగేశ్ ఫ్లెక్సీస్ నాదే. ప్రభుత్వం ఏదైనా సాధించబోయే ముందు ఫ్లెక్సీ ఆర్డరు ఇస్తుంది కాబట్టి, రేపటి విజయాలు నాకు ఈరోజే తెలిసిపోతుంటాయి.

ఆ ఫ్లెక్సీలో మంత్రి గారు నమస్కారం పెడుతుంటారు. పక్కన ఒక బాణం. అలవాటు కొద్దీ బాణాన్ని నేను పైకి పెట్టాను. జిల్లా కొలువుల అధికారి దత్తాత్రి గారు చూసి గాభరా పడ్డారు.

"కిందికి తిప్పు నాగేశ్. ఇది దిగితెనే మనం ఎక్కినట్టు."

ఇంత లోతైన మాటను ఇంత తేలిగ్గా చెప్పగల అధికారి మన జిల్లాకు దొరకడం మన అదృష్టం. పక్క జిల్లావాళ్లు కుళ్లుకుంటే కుళ్లుకోనివ్వండి.

ప్రెస్‌మీట్‌లో మంత్రి గారి వెనక ఫ్లెక్సీ కట్టి, అది ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డది కూడా నేనే. ఒక విలేకరి లేచి, "మీరిచ్చినయన్ని నెలనెల కాంట్రాక్టు కొలువులే గద సార్? నెలాఖరొస్తే ఉంటదో ఊడుతదో తెల్వకపాయె" అన్నాడు.

మంత్రి గారు జాలిగా నవ్వారు. "ఏందయ్యా నీ బాధ? నేను మాత్రం పర్మనెంటా? ఐదేండ్ల కాంట్రాక్టు మీద వచ్చిన. జనం రెన్యువల్ జేస్తే ఉంట, లేకపోతె ఇంటికి పోత. నేనేమన్న ధర్నాకు కూసున్ననా?"

హాలంతా చప్పట్లు. ఆ విలేకరి కూడా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నాడు కాబట్టి రెండో ప్రశ్న వేయలేదు.

చప్పట్ల ఊపులో మంత్రి గారు ఇంకో మాట అనేశారు. "తగ్గుడేంది? వచ్చే నెలకల్ల సున్నా జేస్తం!" పక్కనే కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్న దత్తాత్రి గారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

సున్నా చేయాలంటే మళ్లీ సర్వే చేయాలి. సర్వే చేయడానికి ఆ శాఖలో కాంట్రాక్టు పిల్లలు ఉన్నారు. అందులో రమ్య ఒకతి. దుబ్బాక అమ్మాయి, డిగ్రీ చదివింది. నాయిన మహారాష్ట్రలోని భివండీలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో అవ్వ దవాఖాన ఖర్చులూ, తమ్ముడి కాలేజీ చదువూ రమ్య మెళ్లో వేలాడే ఐడీ ట్యాగు మీదే నడుస్తున్నాయి. ట్యాగు మీద 'ఈ నెలాఖరు వరకు మాత్రమే' అని ఉంటుంది. రెన్యువల్ అయిన ప్రతిసారీ దాని మీద కొత్త నెల స్టిక్కరు అతికించేది నేనే. అతికించినన్నిసార్లూ, "జర గట్టిగ అతికించు నాగేశన్నా" అంటుంది.

ఆ నెల దత్తాత్రి గారు పిల్లలందరినీ కూర్చోబెట్టి కొత్త రూలు చెప్పారు. ఏ సర్వేయరు ఏరియాలో ఒక్క నిరుద్యోగి కూడా దొరకడో, ఆ సర్వేయరుకు రెన్యువల్. దొరికితే ఇంటికి. నిరుద్యోగాన్ని ఇంత పట్టుదలగా వెతికించిన అధికారిని నేనెక్కడా చూడలేదు.

ప్రశ్న కూడా మార్చారు. పాత ప్రశ్న, 'గత వారంలో మీరు ఏదైనా ఆదాయార్జన కార్యకలాపంలో నిమగ్నులై ఉన్నారా?' అని ఉండేది. జనం "ఏందీ?" అనేవాళ్లు. దాన్ని కంప్యూటరు ఏ కాలమ్‌లో వేసుకోవాలో తెలియక తికమక పడేది.

"జనం భాషల అడగాలె" అన్నారు దత్తాత్రి గారు. "మీకు పనున్నదా? గంతే. పనున్నది అంటే యాప్‌ల పచ్చ లైటు. లేదంటే ఎర్ర లైటు. యాప్ మాటను దానంతటదే వింటది. మీ చెయ్యి పడొద్దు. పారదర్శకత."

తెలుగు భాషకు ఈయన చేసిన సేవ గుర్తించి ఎవరైనా శాలువా కప్పాలి. ఫ్లెక్సీ నేను వేసిస్తాను.

సర్వే జరుగుతున్న ఫొటో ఒకటి ఫ్లెక్సీకి కావాలని చెప్పి నన్ను రమ్య వెంట పంపారు. నా బండి మీదే బయల్దేరాం. ముందు కోమటి చెరువు కట్ట. అక్కడ ఒక యువకుడు పొద్దుటి నుంచి చెరువుకు వీపు పెట్టి సెల్ఫీలు దిగుతున్నాడు.

"అన్నా, మీకు పనున్నదా?"

"ఆఁ, పనున్నది. తర్వాత రా."

పచ్చ లైటు. చెట్టు కింద పేకాడుతున్న గుంపు దగ్గరికి పోతే అందరూ ఒకే గొంతుతో, "పనున్నది, పోమ్మా!" అన్నారు. పచ్చ మీద పచ్చ. బస్టాండులో బెంచీ మీద పడుకున్నాయన కళ్లు కూడా తెరవకుండా, "పనున్నది, లేపకు" అన్నాడు. మన జిల్లా ఇంత బిజీగా ఉందని నాకిన్నాళ్లూ తెలియనే తెలియదు.

బట్టల దుకాణాల వీధిలో ఒకాయన షాపు షాపుకీ ఎక్కి దిగుతున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. వెనక నుంచి పిలిచి అడిగింది రమ్య.

"పనున్నదమ్మా, ఆపకు! మొన్ననే తీసేసిన్రు. పని దేవులాడే పనున్నది."

పచ్చ లైటు వెలిగింది. రమ్య ఫోను వంక చూసి, నా వంక చూసి, దత్తాత్రి గారికి ఫోన్ చేసింది.

"సార్, ఒకాయన పనున్నదన్నడు, గాని..."

"'గాని' అనే కాలమ్ మన యాప్‌ల లేదమ్మా" అని పెట్టేశారు.

చివరికి మిగిలింది దుబ్బాకలో రమ్య వాళ్ల వాడకట్టే. అందులోనూ ఆఖరి ఇల్లు కొమురవ్వది. వాకిట్లోకి అడుగుపెట్టకముందే మగ్గం చప్పుడు వినిపించింది. పోయిన ఎన్నికల్లో నేనే వేసిన మంత్రి గారి ఫ్లెక్సీని వాన పడకుండా మగ్గం పైన కప్పుకుంది. మంత్రి గారు తలకిందులుగా నవ్వుతున్నారు. కొమురవ్వ పొద్దు పొడిచిన దగ్గర్నుంచి మగ్గం గుంటలో దిగి తువ్వాలలు నేస్తూనే ఉందని ఎదురింటామె చెప్పింది. రమ్య హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఇది ఎటు తిరిగీ పచ్చ లైటే.

"అవ్వా, నీకు పనున్నదా?"

మగ్గం ఆగింది. కొమురవ్వ గుంటలోంచి లేచి వచ్చి, అప్పుడే దించిన కొత్త తువ్వాలతో స్టూలు తుడిచి ముందుకు జరిపింది.

"నాకేం పని బిడ్డా! ఏం పని లేదు. కూసో, చాయ్ పెడ్త."

ఎర్ర లైటు.

రమ్య ఫోను వెనక్కి లాక్కుంది. "అవ్వా, గట్లనకు. నా కొలువు పోతది. జర పనున్నదని చెప్పు."

"ఇంటికొచ్చిన పిల్లకు పనున్నదని ఎట్ల చెప్త? పొమ్మన్నట్టు గాదా?"

"పొమ్మను. నేనేమనుకోను."

"నీ కొలువు పోతదంటే చెప్పకేం జేస్త" అంది కొమురవ్వ. "బయటికి పోయి మల్ల రా."

రమ్య వాకిలి దాటి, ఎండలో నిలబడి గట్టిగా పిలిచింది. "కొమురవ్వా, నీకు పనున్నదా?"

"పను..." అని మొదలుపెట్టింది కొమురవ్వ. గుమ్మంలో చెమటతో నిలబడ్డ పిల్లను చూసింది. "ఏం పని లేదు తల్లీ! ఎండల నిలబడ్డవేంది, లోపటికి రా!"

నిజం చెబుతున్నాను, ఆ ముసలమ్మ మర్యాద మీద నాకు ఒళ్లు మండిపోయింది. చాయ్ మాత్రం బాగుంది. రమ్య తాగలేదు.

లెక్కలన్నీ కలిపితే జిల్లా మొత్తంలో నిరుద్యోగి ఒక్కరే తేలారు. దుబ్బాక కొమురవ్వ. ఇంకొకరైతే గోడకు తల బాదుకునేవారు. దత్తాత్రి గారు అలాంటివారు కాదు. ఒక గంట గదిలో తలుపేసుకుని కూర్చుని, బయటికి వచ్చి నాకు ఆర్డరు ఇచ్చారు. 'జిల్లాలో ఆఖరి నిరుద్యోగి ఇంటికి మంత్రి గారు. స్వహస్తాలతో కొలువు.'

"ఏం కొలువు సార్?" అని అడిగాను.

"నేత కార్మికురాలు. ఆమె ఇంట్లనే, ఆమె మగ్గం మీదనే, ఆమెనే నెయ్యాలె. నెల కాంట్రాక్టు. పని మంచిగుంటే రెన్యువల్."

ఆయన మెదడుకు దండం పెట్టాలనిపించింది. ప్రభుత్వానికి మగ్గం కొనే పని లేదు, నూలు కొనే పని లేదు, ఆమెకు పని నేర్పే పని అంతకన్నా లేదు.

రమ్య విషయం కూడా అడిగాను. ఎంతైనా నెలనెలా స్టిక్కరు అతికించే చెయ్యి కదా. దత్తాత్రి గారు పెద్ద మనసు చేసుకున్నారు. "మంత్రి గారు కాగితం ఇచ్చినంక, కెమెరాల ముంగట ఆ ముసలామెను అడుగుతం. పనున్నది అన్నదా, రమ్య రెన్యువల్ పక్కా. ఇగ ఆ పిల్లనే తయారుజేసుకొమ్మను."

మంత్రి గారు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ రమ్య పొద్దున్నే కొమురవ్వ ఇంటికి పోయి నేర్పించింది. 'పనున్నది సార్.' రెండే మాటలు. కొమురవ్వ మగ్గం నేస్తూ వాటినే వల్లె వేసింది. నాలుగో రోజుకు నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు తయారైందని రమ్య సంతోషంగా చెప్పింది. "స్టిక్కరు రెడీ పెట్టు నాగేశన్నా" అంది. పెట్టాను.

మంత్రి గారు వచ్చారు. డప్పులు, కార్లు, కెమెరాలు. వాడకట్టంతా వాకిట్లోనే ఉంది. మంత్రి గారు తలకిందులుగా ఉన్న తన ఫ్లెక్సీని చూసి, జనం ఎక్కడ పెట్టుకున్నా గుండెల్లో పెట్టుకున్నట్టేనని చెప్పారు. కొమురవ్వ చేతికి కొలువు కాగితం ఇచ్చారు. చప్పట్లు మోగాయి. దత్తాత్రి గారు యాప్ ఆన్ చేసి ఫోను ముందుకు పెట్టారు. రమ్య ఒక మూల నిలబడి ట్యాగును గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పవ్వా, నీకు పనున్నదా?" అన్నారు మంత్రి గారు.

కొమురవ్వ నోరు తెరిచింది. నోట్లో మాట తిరుగుతున్నట్టు మాకందరికీ కనిపిస్తోంది. అంతలో ఆమె చూపు మంత్రి గారి కాళ్ల మీద పడింది. అంత పెద్దమనిషి, తన ఇంట్లో, నిలబడే ఉన్నాడు.

"అయ్యో, మీ అసుంటోల్లు ఇంటికొస్తే నాకేం పని సార్!" అంటూ తువ్వాల తీసి కుర్చీ తుడిచింది. "ఏం పని లేదు. ముందుగాల కూసోండ్రి."

ఎర్ర లైటు వెలిగింది. మంత్రి గారు కూర్చున్నారు. కూర్చోక ఏం చేస్తారు? చాయ్ కూడా తాగి, బాగుందన్నారు. రమ్య ఎప్పుడు వెళ్లిపోయిందో నేను చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

కారెక్కుతూ మంత్రి గారు దత్తాత్రి గారి చెవిలో ఏదో చెప్పారు. ఆ సాయంత్రానికల్లా కొమురవ్వ వయసు అరవై దాటిందనీ, అరవై దాటినవాళ్లు నిరుద్యోగుల లెక్కలోకే రారనీ తేలిపోయింది. అరవై దాటినవాళ్లకు కొలువు కూడా ఇవ్వకూడదు కాబట్టి, ఇచ్చింది రద్దు చేశారు. ప్రస్తుతం ఆమె తన మగ్గం మీద అనధికారికంగా నేస్తోంది. కెమెరాల ముందే ఎర్ర లైటు పడింది కాబట్టి, వచ్చే నెల సర్వే మళ్లీ మొదటి నుంచి చేయాలన్నారు. రమ్యకు మాత్రం రెన్యువల్ రాలేదు. ఏరియాలో ఎర్ర లైటు వెలిగింది కదా. రూలంటే రూలే. ఈ విషయంలో దత్తాత్రి గారు సొంత మనిషినైనా చూడరు.

తరువాతి నెల మొదట్లో రమ్య మా షాపుకు వచ్చింది. బయోడేటా ప్రింటు తీసుకుందామని స్టూలు మీద కూర్చుని తప్పులు దిద్దుకుంటోంది. పక్కన ఇంకో స్టూలు ఖాళీగా ఉంది. అప్పుడే ఎండలోంచి ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. పేరు సంహిత. ఆ పేరు నాకెలా తెలుసంటే, రమ్య పాత ట్యాగు మీద ఆ పేరు స్టిక్కరు ఆ పొద్దునే నేను అతికించాను.

"సర్వే అక్కా" అంది సంహిత ఫోను పట్టుకుని. "ఇదే నా ఫస్ట్ ఏరియా. ఒక్కటి గూడ ఎర్ర లైటు పడొద్దన్నరు, పడితె నెలాఖరుకు తీసేస్తరంట. మా బాపుకు మొన్ననే ఆపరేషన్ అయింది." గుక్క తిప్పుకుని, ప్రశ్న గుర్తు తెచ్చుకుంది. "అక్కా, మీకు పనున్నదా?"

రమ్య ఆ ట్యాగు వంక చూసింది. దుబ్బాక పిల్ల కదా, చెయ్యి దానంతటదే పక్కనున్న ఖాళీ స్టూలు మీదికి పోయింది. స్టూలును సగం జరిపింది. తరువాత మళ్లీ వెనక్కి లాగేసింది.

"పనున్నది" అంది ఫోను దగ్గరికి వంగి, గట్టిగా. "మస్తు పనున్నది. పో."

పచ్చ లైటు వెలిగింది. సంహిత థాంక్స్ అక్కా అంటూ సంబరంగా ఎండలోకి పరుగెత్తింది. రమ్య ముక్కు తుడుచుకుని, బయోడేటాలో మళ్లీ తప్పులు వెతకసాగింది.

వారం తిరక్కముందే ఒక సాయంత్రం దత్తాత్రి గారు ఫోన్ చేశారు. గొంతులో ఆనందం పొంగుతోంది.

"నాగేశ్, సున్నా వచ్చేసింది! రేపటికి ఫ్లెక్సీ కావాలె. సున్నా ఎంత పెద్దగ వెయ్యొచ్చు?"

"ఎంత పెద్దగనన్న వెయ్యొచ్చు సార్" అన్నాను. "లోపట ఏముండదు గద, సిరా గూడ పెద్దగ పట్టది."